చూద్దాం అన్న మాట

మా ఇంటి గేటు పక్క గోడ మీద ఒకప్పుడు ఎర్రక్షరాలతో "శాసనసభ్యులు" అని రాసి ఉండేది. పదవి పోయిన ఏడాది నేనే సున్నం కొట్టించాను. రెండు వానలకు సున్నం కరిగి అక్షరాలు మళ్ళీ తేలాయి. మళ్ళీ కొట్టించాను. ఇప్పుడు దగ్గరికి పోయి చూస్తే ఒక్క య-ఒత్తు మాత్రం లీలగా కనిపిస్తుంది. అది పోవడం లేదు, నేనూ వదిలేశాను.

నిజానికి ఆ రాత అవసరం ఊళ్ళో ఎవరికీ లేదు. గెలిచిన రోజు దండలు వేస్తూ కూడా జనం "మేనేజరు సార్" అనే పిలిచారు. పదవి పోయాక కూడా అదే పిలుపు. ఐదేళ్ళు అసెంబ్లీలో కూర్చున్నానన్న సంగతి నాకే అప్పుడప్పుడు కలలాగా ఉంటుంది. ఆ ఐదేళ్ళ గొప్పలు రాయమని కొందరు స్నేహితులు అడిగారు. గొప్పలుంటే కదా రాయడానికి. నాకు గుర్తున్నది ఒక్క మాట. నేనే అన్న మాట. దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోకపోతే ఈ వయసులో నిద్ర పట్టేటట్టు లేదు.

మాది జిల్లాకు దక్షిణపు కొసన, హైవేను ఆనుకుని ఉన్న చిన్న టౌను. అటు తడ దాకా, ఇటు సరస్సు దాకా ఉన్న పల్లెలన్నిటికీ సంత, ఆస్పత్రి, బ్యాంకు మా ఊళ్ళోనే. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మా బ్యాంకు కిటికీ అద్దాలు గడగడలాడేవి. కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళు తల కూడా తిప్పేవాళ్ళు కాదు, వరస తప్పుతుందని.

మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. ఇంటిస్థలం పట్టా కోసం ఆయన ఒక ఆఫీసు చుట్టూ నా చిన్నప్పటి నుంచీ తిరిగాడు. వెళ్ళినప్పుడల్లా సెలవు పెట్టాలి, ఉతికిన చొక్కా వేసుకోవాలి. వెళ్ళినప్పుడల్లా "రేపు రా" అనేవాళ్ళు. రేపనేదానికి రూపు లేదని మా అమ్మ విసుక్కునేది. ఒకరోజు ఆయన మామూలుకంటే ముందే ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపి, మంచినీళ్ళు అడిగి, హాయిగా నవ్వాడు. పట్టా వచ్చిందనుకున్నాం. "లేదంట. అసలు మన కాయితమే లేదంట. కొత్తగా వచ్చిన గుమాస్తా చెప్పినాడు. మారాజు, మొగాన చెప్పినాడు" అన్నాడు. ఆ మరుసటి వారమే మా మేనమామ స్థలంలో మూలకు ఒక గుడిసె వేశాడు. అంతకు ముందు అన్నేళ్ళూ పట్టా వస్తుందని మేం ఒక పశువుల పాక పక్కన కాపురమున్నాం.

నేను టౌను బ్యాంకులో గుమాస్తాగా చేరి, మెట్టు మెట్టుగా మేనేజరునయ్యాను. సహకార బ్యాంకు కాబట్టి బదిలీలు లేవు. కుర్చీలో కూర్చున్న మొదటి రోజు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. కానిదాన్ని అప్పుడే, ఆ నిమిషమే "కాదు" అని చెప్పెయ్యాలి. మనిషిని రెండోసారి తిప్పకూడదు. దరఖాస్తు చదివి, కుదరకపోతే అక్కడికక్కడే చేతికిచ్చేసేవాణ్ణి. మొహమాటం లేదు, తీపి మాటలు లేవు. కొంచెం కోపిష్టిని కూడాను. ఊళ్ళో నాకు "కాదు సారు" అని పేరు పెట్టారు. పిల్లలు కూడా వెనక నుంచి "కాదు సారొస్తా ఉండాడ్రోయ్" అనుకునేవాళ్ళు. నాకు లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

ఇక అయ్యే పని సంగతి. "అవును" అనే అధికారం నాకు లేదు, అది బోర్డుది. అందువల్ల అవుతుందని నాకు తెలిసిన పనికి "చూద్దాం" అనేవాణ్ణి. అని, కాగితం కింద ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీసి గాజు పేపరువెయిటు కింద పెట్టేవాణ్ణి. శుక్రవారం బోర్డు కూర్చునేది. నేను గీత గీసిన కాగితం వెనక్కి రావడం ఎప్పుడూ జరగలేదు. జనం కనిపెట్టేశారు. కాదు సారు నోట చూద్దాం అన్న మాట వచ్చిందంటే పని అయిపోయినట్టేనని చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలిసిపోయింది. మిగతా లోకమంతా చూద్దాం అంటే తప్పించుకునే మాట. మా కౌంటరు ముందు మాత్రం అది మాట ఇవ్వడం.

ఈ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి ఒకామె ఉండేది. సరస్సు మధ్యలో దిబ్బ మీది పల్లె. చేపలవేట కుటుంబం. మొగుడు నీళ్ళలోకి పోతే ఈమె రొయ్యలు ఒలిచి అమ్మేది. మా ఊరు రావాలంటే గెడ వేసే పడవలో ఇవతలి రేవుకొచ్చి, అక్కణ్ణుంచి ఆటో ఎక్కాలి. మొదటిసారి వల కోసమని వచ్చినప్పుడు ఆమెతో వేలిముద్ర వేయించడం మా క్యాషియరుకు పెద్ద పనైంది. మూడుసార్లు సిరాలో అద్దినా కాగితం మీద నల్లటి మచ్చే తప్ప గీతలు పడలేదు. రొయ్యలు ఒలిచి ఒలిచి వేలి మీద గీతలే అరిగిపోయాయి. "నా చెయ్యి ఇంతే సార్. నా కడుపున పుట్టేది సంతకం పెడతాదిలే" అంది. అప్పటికి ఆమెకు పిల్లలు లేరు.

ఆ ఏడాది వలలకు ఇవ్వకూడదని బోర్డు తీర్మానం. "కాదమ్మా. ఈ ఏడు ఇవ్వరు. ఇక్కడ కూర్చోని లాభం లేదు" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, పొద్దున్నే ఎవరి మొగం చూసినానో అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

మూడు నెలల తర్వాత స్టీలు డబ్బాలో పీతల కూర పెట్టుకుని వచ్చింది. "నువ్వు లేదన్నావు గదా, ఆ పొద్దే మా అన్న కాడికి పోయినా. వాళ్ళ వలలో మమ్మల్ని పాలు కలుపుకున్నాడు. రేపు రా, మాపు రా అనుంటే వేట కాలం దాటిపొయ్యుండు సార్. నీ నోరు చల్లగుండా" అంది. కూర నేను తీసుకోలేదు. క్యాషియరు తీసుకున్నాడు. రుచి గురించి వారం రోజులు చెప్పాడు.

మరుసటి ఏడు ఆమె మళ్ళీ అడిగినప్పుడు చూద్దాం అన్నాను. శుక్రవారం అయిపోయింది, పనీ అయిపోయింది. అప్పట్నించి తన పల్లెలో ఎవరికి ఏ అవసరం వచ్చినా వెంటపెట్టుకొచ్చేది. వచ్చినవాళ్ళకు బెంచీ మీద కూర్చోబెట్టి పాఠం చెప్పేది. "సారు కాదంటే లేసి పొయ్యేదే. ఇంకొక దోవ ఎతుక్కునేదే. చూద్దామంటే మాత్రం ఇంటికి పొయ్యి గమ్మునుండేదే. మళ్ళీ అడగబాకండి, కోపమొస్తాది" అనేది. నాకు వినపడేటట్టే అనేది.

ఆ తర్వాత నా బతుకులోకి రాజకీయం వచ్చింది. అది నేను కోరి తెచ్చుకున్నది కాదు గానీ, వచ్చినప్పుడు వద్దని కూడా అనలేదు. మాది రిజర్వుడు సీటు. మా ప్రాంతంలో ఒక పెద్దాయన ఉండేవాడు. రైసుమిల్లులు, రొయ్యల గుంటలు ఆయనవి. పార్టీ కూడా ఆయనదే అనుకోవచ్చు. తాను పోటీ చెయ్యడానికి వీల్లేదు కాబట్టి చదువుకున్నవాడు, మచ్చలేనివాడు, చెప్పిన మాట వినేవాడు ఒకడు కావలసి వచ్చింది. మొదటి రెండూ నాలో ఉన్నాయని ఊరంతా చెప్పింది. మూడోది ఆయన చూసి కనిపెట్టాడు. స్వచ్ఛందంగా ఉద్యోగం మానేసి నిలబడ్డాను. "కాదన్నా నిజమే చెప్తాడు" అని జనం నాకు ఓట్లేశారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

గెలిచిన రెండో నెల. వెంకటాచలంలో మీటింగు చూసుకుని పెద్దాయన కారులో తిరిగొస్తున్నాం. హైవే మీద ఒక ఊరివాళ్ళు కారు ఆపి, మంచినీళ్ళ పైపు ఎప్పుడేస్తారని అడిగారు. ఆ ఏడు లెక్కలో ఆ ఊరు లేదని నాకు తెలుసు. "ఈ ఏడు కాదు" అన్నాను. వాళ్ళ మొహాలు మాడిపోయాయి. కారు కదిలింది. పెద్దాయన తమలపాకుకు సున్నం రాసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

"మేనేజరూ, నువ్వింకా కౌంటరు ఎనకాలే కూర్చోనుండావు. కాదంటే వాడు ఈ పొద్దే మనకు దూరమైపోయినాడు. అదే చూద్దామన్నావనుకో, ఐదేళ్ళు మన ఎనకాలే తిరగతాడు. తిరిగేవాడే మనవాడు. ఆ కాదనే మాటను ఇంట్లో పెట్టి తాళమేసి రా."

నేను మా నాన్న గురించి ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. తల ఊపాను.

తర్వాతి వారం ఇంకో ఊళ్ళో ఇంకేదో అడిగితే మొదటిసారి ఊరికే "చూద్దాం" అన్నాను. అది అయ్యే పని కాదు. వాళ్ళు అక్కడికక్కడే నా మెడలో బంతిపూల దండ వేశారు. అన్నేళ్ళు బ్యాంకులో కాదు, కాదు అని నిజం చెప్పినందుకు ఒక్కరు కూడా నాకు దండ వెయ్యలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పూల వాసన నాకు బాగుంది. ఆ తర్వాత ఆ మాట నాలుక మీద దానంతట అదే ఆడేది. పాము చావకుండా, కర్ర విరగకుండా రోజులు వెళ్ళిపోయేవి.

మా క్యాషియరు బ్యాంకులోనే ఉన్నాడు. రోజూ పొద్దున పనికి పోతూ మా ఇంటికొచ్చి టీ తాగిపోయేవాడు. వాళ్ళది దర్జీల కుటుంబం. తాత, తండ్రి, అన్న అందరూ కుట్టుమిషను ముందే. ఇతనొక్కడే లెక్కల్లో పడ్డాడు. ఒకరోజు టీ ఊదుకుంటూ, "అన్నా, పల్లెలోళ్ళు బ్యాంకు కాడికొచ్చి నన్ను అడగతా ఉండారు. సారు చూద్దామన్నాడు, అది ఏ శుక్రవారం అని" అన్నాడు. నేను గట్టిగా నవ్వాను. అతను నవ్వలేదు. "ఈ చూద్దాం ఆ చూద్దాం కాదని బోర్డు రాసి పెట్టన్నా" అని గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

అలాంటి రోజుల్లో ఆమె వచ్చింది. ఎండలు ముదిరిన కాలం. వరండా నిండా మనుషులు. పెద్దాయన తరఫువాళ్ళు ఇద్దరు నా పక్కన కుర్చీల్లో ఉన్నారు. ఆమె పక్కన నూనె పెట్టి రెండు జడలు వేసిన పదేళ్ళ పిల్ల. ఆ రోజు వేలిముద్ర వేస్తూ చెప్పిన, సంతకం పెట్టే పిల్ల.

దిబ్బ మీద ఐదో తరగతి దాకే బడి. పైచదువుకు ఇవతలి ఒడ్డున హైస్కూలుంది గానీ రోజూ దాటించే పడవ లేదు. వేట పడవలు పోయే వేళ వేరు, బడి వేళ వేరు. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. నడుముకు దోపుకున్న సంచీలోంచి నాలుగు మడతల కాగితం తీసింది.

"సార్, బిడ్డ పరీచ్చ రాసింది. వెంకటాచలం అవతల ఆడపిల్లల బళ్ళో సీటొచ్చుండాది. ఆడనే ఉండాల. పదేళ్ళ బిడ్డను వదిలి నేనుండలేను. బిడ్డలు దాటేదానికి మోటారు పడవ ఇస్తారని అందరూ అంటా ఉండారు. పడవ వస్తాదంటే సీటొద్దని చెప్పేస్తా. రాదంటే కళ్ళు మూసుకోని పంపించేస్తా. సోమవారం లోపల చేర్చాలంట. నువ్వు ఏ సంగతో చెప్పు సార్."

ఇంత తేటగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. జవాబు కూడా నాకు అంత తేటగానే తెలుసు. వారం ముందే జిల్లా ఆఫీసులో ఆ పడవ గురించి నేనే అడిగాను. సరస్సు పూడిపోయింది, ఎండాకాలం మోకాటిలోతు కూడా ఉండదు, మోటారు పడవ అడుగు తగులుతుంది, కాబట్టి ఇవ్వం అని మొహాన చెప్పారు. నేను చెప్పవలసింది ఒక్క మాట. ఇరవై ఏళ్ళు రోజుకు పదిసార్లు చెప్పిన మాట.

పక్క కుర్చీల్లోవాళ్ళు నావైపు చూస్తున్నారు. వరండాలో ఇంకో ముప్పై మంది వింటున్నారు. ఆ పిల్ల కాగితాన్ని చూస్తోంది.

"చూద్దామమ్మా" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. ఇంకేమీ అడగలేదు. రెండోసారి అడిగితే నాకు కోపమొస్తుందని ఆమెకు తెలుసు. కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి సంచీలో దోపుకుని, "లే మే, పోదాం. సారు చెప్పేసినాడు" అని పిల్లను లేపింది.

తర్వాతివాడు ముందుకొచ్చాడు. ఆ పూట నాకు కొంచెం మనసు పీకింది. మధ్యాహ్నానికి సర్దుకున్నాను. ఎమ్మెల్యే నోట చూద్దాం అంటే ఏమిటో జిల్లాలో చంటిపిల్లకు కూడా తెలుసు, ఆమెకు తెలియదా, సీటుకే పంపిస్తుందిలే అనుకున్నాను. తెలివిగలవాడికి తనను తాను మోసం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఆమె ఆ రోజు ఎమ్మెల్యేతో మాట్లాడలేదు. ఆ సంగతి నాకు తట్టలేదు. ఆమె మేనేజరుతో మాట్లాడింది.

ఏడాది గడిచింది. మళ్ళీ బళ్ళు తెరిచే రోజులు. క్యాషియరు ఒకరోజు టీ తాగకుండా నిలబడే మాట్లాడాడు.

"దిబ్బ మీదామె మా అన్న కొట్టుకు వచ్చినాది. పోయిన సంవత్సరం కూతురికి హైస్కూలు బట్టలు కుట్టించుకోని పోయింది మా కాడనే. నీలం పావడా, తెల్ల చొక్కా. ఇప్పుడు అదే పావడా తెచ్చింది, అంచు మడత విప్పి పొడుగు చెయ్యమని. అన్నా, ఆ పావడా ఒక్కసారి కూడా నీళ్ళు తగల్లా. మా అన్న పెట్టిన ఇస్త్రీ మడత మడత మాదిరే ఉండాది. ఏందమ్మా, బిడ్డ బడికి పోలేదా అంటే, పడవ ఇంకా రాలేదు, సారు చూద్దామన్నాడు, ఈ ఏడు వస్తాది అనింది."

"సీటు?" అన్నాను.

"సీటు ఆ సోమవారమే వద్దని చెప్పేసినారంట. నువ్వు చెప్పినావంట గదా."

అతను నాతో కోపంగా మాట్లాడటం అదే మొదటిసారి.  ఆ రోజే ఆ ఆడపిల్లల బడికి ఫోన్ చేశాను. ఐదు తర్వాతే చేర్చుకుంటాం, ఏడాది చదువు ఆగిన పిల్లను మధ్యలో తీసుకోవడానికి రూల్సు ఒప్పుకోవు అని అవతల ఎవరో ఒక టీచరమ్మ చెప్పింది. ఎమ్మెల్యేను మాట్లాడుతున్నానన్నాను. "తెలుసు సార్. కాదు సార్" అంది. ఆ గొంతు విని నాకు ఆమె మీద కోపం రాలేదు, ఈర్ష్య పుట్టింది.

పడవ కోసం మళ్ళీ ఉత్తరాలు రాశాను. రెండు ఆఫీసుల మధ్య అవి తిరుగుతూనే ఉన్నాయి. పెద్దాయనకు చెప్పాను. "ఆ దిబ్బ మీద ఇండ్లెన్ని?" అని అడిగాడు. చెప్పాను. ఆయన వేరే సంగతి ఎత్తుకున్నాడు.

ఆ శీతాకాలం దిబ్బ మీద నీళ్ళట్యాంకు ప్రారంభానికి వెళ్ళాం. రేవులో పడవ దిగుతుంటే ఎదురుగా ఆమె, కూతురు నేల మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు. పిల్ల వేళ్ళు తల్లి వేళ్ళకంటే చురుగ్గా కదులుతున్నాయి. నన్ను చూసి ఆమె చప్పున లేచి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. అక్కడివాళ్ళు చెబితే తెలిసింది, కిందటేడు బడి ఉన్న ప్రతిరోజూ ఆమె పిల్లకు జడలు వేసి రేవులో కూర్చునేదట. పడవ ఇవ్వాళ వస్తుందేమోనని. అడిగినవాళ్ళకు, కాదు సారు చూద్దామన్నాడు, మీకు తెలీదు ఆయన సంగతి అనేదట.

నేను చెప్పడానికే వెళ్ళాను. పడవ రాదమ్మా, నేను తప్పు చెప్పాను అని రెండు ముక్కలు అనుకుని వెళ్ళాను. చుట్టూ కండువాలు, మైకు, కొబ్బరికాయలు. ఆమే ముందు మాట్లాడింది.

"తొందరేం లేదులే సార్. పెద్దపని గదా. నువ్వు చూస్తా ఉండావని నాకు తెలుసు."

"చూస్తున్నామమ్మా" అన్నాను.

మొదటిసారి అన్నది పిరికితనం. ఈ రెండోసారి దానికి నాకు ఇప్పటికీ పేరు దొరకలేదు.

ఐదేళ్ళు పూర్తయ్యాయి. తర్వాతి ఎన్నికలకు పెద్దాయన ఇంకొకణ్ణి వెతుక్కున్నాడు. టికెట్టు సంగతి అడిగితే, "చూద్దాం మేనేజరూ" అన్నాడు. ఆ మాటకు అర్థం అప్పటికి నాకు బాగా తెలుసు కాబట్టి లేచి వచ్చేశాను.

ఇంట్లో కూర్చున్న ఈ ఏళ్ళలో దిబ్బకు వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నాను. కాళ్ళు కదల్లేదు. ఒకసారి క్యాషియరే చెప్పాడు, ఆమె జ్వరంతో పోయిందని, అప్పటికే నెలయిందని. అప్పటికి అతను కూడా రిటైరయ్యాడు. మేమిద్దరం ఆ రోజు టీ తాగాం.

ఈ ఏడు ఎండలు తగ్గుముఖం పట్టినప్పుడు, ఒక ఉదయం గేటు చప్పుడైంది. ముప్పై దాటిన ఆడమనిషి, మెడలో ఏదో రొయ్యల కంపెనీ కార్డు. వెంట రెండు జడల పిల్ల. ఆ రోజు వరండాలో చూసిన పిల్లే అనుకున్నాను. అదే మొహం, అదే వయసు. తల్లి నమస్కారం పెట్టి, తాను ఫలానా ఆమె కూతుర్నని చెప్పింది. చెప్పనక్కర్లేదు.

కుర్చీ వేస్తే కూర్చోలేదు, అరుగు మీదే కూర్చుంది. తడ వైపు కంపెనీ వ్యాను తెల్లారే వస్తుందని, ఈ రోజు ఒక పూట సెలవు పెట్టి వచ్చానని చెప్పింది. తర్వాత సంచీలోంచి కాగితాలు తీసింది.

"నా బిడ్డకు సీటొచ్చింది సార్. ఆ బళ్ళోనే. మా ఆయన వద్దంటా ఉండాడు. దిబ్బకు వారధి కడతారంట, జెండాలు పాతి కొలుచుకోని పోయినారు, రెండేళ్ళలో మన ఇంటికాడికే బస్సొస్తాది, బిడ్డను యాడికీ పంపించే పనిలేదు అంటా ఉండాడు. మా ఊరోళ్ళు గూడా అదే మాట. మీకైతే తెలిసుంటాది. వస్తాదా సార్?"

మా అరుగు మీద, అన్నేళ్ళ తర్వాత, అదే ప్రశ్న. నిజం చెబుతున్నాను, నా నాలుక మీదికి అప్పుడు కూడా వచ్చింది ఆ మాటే. తెలుసుకుని చెబుతాను, కనుక్కుందాం, చూద్దాం. పదవి లేదు, వరండాలో జనం లేరు, పక్కన కుర్చీల్లో ఎవరూ లేరు. అయినా వచ్చింది. అలవాటు అంత చెడ్డది. నేను దాన్ని మింగేసి, ఆ పిల్ల వైపు చూస్తూ చెప్పాను.

"రాదమ్మా. ఎప్పటికీ రాదని చెప్పలేను. ఈ పాప చదువు అయ్యేలోపల మాత్రం రాదు. ఆ జెండాలు పాతేవాళ్ళను నా రోజుల్లో నేను కూడా పంపించాను. వాళ్ళు కొలుస్తారు, పోతారు. నాతో ఏ పనీ కాదు ఇప్పుడు, నా మాట ఎవరూ వినరు. నువ్వు పాపను సీటుకు పంపించు. మీ ఆయనకు నేను చెప్పానని చెప్పు."

ఆమె నన్ను తేరిపార చూసింది. వాళ్ళమ్మ మొదటిరోజు చూసిన చూపు అది. తర్వాత పిల్ల తల మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఆ రోజు మీ అమ్మ అడిగినప్పుడు నాకు తెలుసు. పడవ రాదని తెలిసే అలా అన్నాను. నీ చదువు నా వల్లనే ఆగిపోయింది" అన్నాను. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేకపోయిన మాట. 

 ఆమె కాగితాల్లో ఒకటి తీసి నా ముందు పెట్టింది. పిల్ల కుటుంబాన్ని ఎరిగిన పెద్దమనిషి ఒకరు సంతకం చెయ్యాలట. పక్కన తల్లి సంతకం గడి ఖాళీగా ఉంది. నా పెన్ను అడిగి తీసుకుంది. ఒలిచి ఒలిచి పాలిపోయిన వేళ్ళతో, ఐదో తరగతి పిల్లలు రాసే గుండ్రటి అక్షరాలతో, మెల్లగా, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది. బాగుంది ఆ సంతకం. దాని కింద నేను పెట్టాను. హోదా అని ఒక గీత ఉంది అక్కడ. మాజీ శాసనసభ్యుడు అని రాస్తే ఆ బళ్ళో కాస్త విలువ ఉండేదేమో. బ్యాంకు మేనేజరు, రిటైర్డ్ అని రాశాను.

కాగితాలు సర్దుకుని లేచింది. మెట్లు దిగాక ఆగి, వెనక్కి తిరిగింది.

"మా అమ్మ పడవ ఇమ్మని అడగలా సార్" అంది. "వస్తాదో రాదో చెప్పమనింది."

గొంతులో కోపం లేదు. పిల్ల చెయ్యి పట్టుకుని, చెప్పులు వేసుకుని, వెళ్తూ వెళ్తూ గేటు జాగ్రత్తగా వేసింది.